ఆరేళ్ల పుట్టినరోజుకు సైకిలా, బ్లాకులా, ఆటపీటా?

ఆరేళ్లు నిండుతున్న బిడ్డకు బహుమతి ఎంచడం మూడేళ్ల పాపకో పదేళ్ల పిల్లవాడికో ఎంచినంత తేలిక కాదు. మూడేళ్లప్పుడు మోగేది, దొర్లేది ఏదైనా ముచ్చటే. పదేళ్లు వచ్చేసరికి తమకేం కావాలో పిల్లలే చెప్పేస్తారు. ఆరేళ్లప్పుడు పాలపళ్లు ఊడుతుంటాయి, ఒకటో తరగతి మొదలవుతుంది, అక్షరాలు కూడబలుక్కుని చదవడం వస్తుంది, ఆటకు నియమాలుంటాయన్న సంగతి తెలుస్తుంది గానీ ఓడితే ఏడుపు ఆగదు. అందుకే నిరుటి బొమ్మలు చప్పగా తోస్తాయి, అన్నయ్యల ఆటలు ఇంకా అందవు.

కవరులో రూ.516 లేదా రూ.1,116 పెట్టి చేతికివ్వడం మన మర్యాదే అయినా, ఆ కవరు మరు నిమిషంలో తల్లి చేతిసంచిలోకి చేరుతుంది కాబట్టి దానిని ఈ పోలికలో చేర్చడం లేదు. కొత్త బట్టలు కన్నవారు ఎలాగూ కొంటారు. ఇక మిగిలేవి బ్యాటరీ బొమ్మలు, సైకిలు, ఒకదానిలో ఒకటి బిగించే బ్లాకులు, మన పాత ఆటల పీటలు, తెలుగు కథల పుస్తకాలు. వీటిని ఒకే కొలతతో తూచవచ్చు: ఆరు నెలలు గడిచాక ఆ వస్తువు బిడ్డ చేతిలో ఉంటుందా, అటక మీద ఉంటుందా?

బ్యాటరీ బొమ్మల సంగతి ముందే తేల్చేయవచ్చు. పొట్లం విప్పగానే కేరింతలు కొట్టించడంలో రిమోట్ కారుకు సాటి లేదు. అయితే ఆ కారుతో బిడ్డ చేయగలిగినది ముందుకు నడపడం, వెనక్కు నడపడం, గోడకు గుద్దించడం మాత్రమే. ఆ మూడూ అయ్యాక మిగిలేది దానిని విప్పి చూడటమే, నిజానికి ఆ బొమ్మలో అన్నిటికన్నా మంచి ఆట కూడా అదే. దీనికి తోడు ఒక ప్రమాదం ఉంది. పాటలు పాడే బొమ్మల్లోనూ వెలుగులు చిమ్మే చిన్న వస్తువుల్లోనూ నాణెం ఆకారంలో ఉండే బటన్ బ్యాటరీలు వాడతారు. అలాంటిది మింగితే, గొంతు దిగువన ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు. ఆరేళ్ల బిడ్డ దానిని నోట్లో పెట్టుకోకపోవచ్చు గానీ, ఆ ఇంట్లో పాకే తమ్ముడో చెల్లెలో ఉంటే వారిని లెక్కలోకి తీసుకోకుండా బహుమతి కొనకూడదు. తప్పదనుకుంటే, బ్యాటరీ అర మూతకు స్క్రూ ఉన్నదే తీసుకోవాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. బ్యాటరీతో నడిచే బొమ్మలకు ఐఎస్ 15644, తక్కినవాటికి ఐఎస్ 9873 అన్న ప్రమాణం సంఖ్య ఆ గుర్తుకు పైన, సిఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య కింద ఉంటాయి. ఆ లైసెన్సు సంఖ్యను, ఈ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ వారి బిఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. ఇక ట్యాబ్ అనేది బహుమతి కాదు, ఇంటి కట్టుబాటుకు సంబంధించిన నిర్ణయం. కన్నవారిని అడగకుండా దానిని పట్టుకుపోవడం వారి ఇంట్లో కొత్త తగవు పెట్టడమే.

కన్నవారు స్వయంగా కొనేటట్లయితే ఆరేళ్ల వయసుకు సైకిలును మించినది లేదని నా అభిప్రాయం. ఆ వయసుకు బ్యాలెన్సు కుదురుతుంది, భయం ఇంకా పెద్దగా ఉండదు, పడినా నేల దగ్గరే. కానీ సైకిలు విషయంలో మన ఇళ్లలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఎదిగే వయసు కదా, నాలుగేళ్లు వస్తుందిలే అన్న లెక్కతో గౌను కొన్నట్టు ఒక సైజు పెద్దది కొంటారు. గౌను పొడవైతే మడత వేసి కుట్టవచ్చు, సైకిలుకు ఆ వీలు లేదు. ఆరేళ్ల పిల్లలు ఎక్కువమంది 110 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటారు. వారిలో పొట్టివారికి 16 అంగుళాల చక్రాలది, పొడుగువారికి 20 అంగుళాల చక్రాలది సరిపడుతుంది. వయసు చూసి కాక, కాలి పొడవు చూసి కొనాలి. సీటును బాగా కిందికి దించి కూర్చోబెడితే రెండు అరికాళ్లూ నేలకు పూర్తిగా ఆనాలి, హ్యాండిలు మీద చేతులుంచినప్పుడు వేళ్లు బ్రేకును అందుకుని గట్టిగా నొక్కగలగాలి. రెండో పరీక్షను దుకాణంలో ఎవరూ చేసి చూడరు గానీ, చిన్న చేతులకు అందని బ్రేకు ఉన్నా లేనట్టే.

పక్క చక్రాల గురించి కూడా చెప్పుకోవాలి. అవి ఉన్నంతకాలం బిడ్డ తొక్కడం నేర్చుకుంటుంది గానీ బ్యాలెన్సు నేర్చుకోదు. పైగా మలుపులో ఒరగవలసిన సైకిలును అవి ఒరగనివ్వవు. దానికన్నా రెండు పెడళ్లూ ఊడదీసి, సీటు దించి, కాళ్లతో నేలను తన్నుకుంటూ కొన్నాళ్లు పోనిస్తే, పాదాలు ఎత్తి దొర్లడం అలవాటైన రోజున పెడళ్లు మళ్లీ బిగించవచ్చు. ఊడదీసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఎడమవైపు పెడలుకు మరలు తిరగబడి ఉంటాయి, దానిని గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే వదులవుతుంది. ఇది తెలియక స్పానరు మీద బలమంతా వేసి మరలు చెడగొట్టుకున్న తండ్రులు లేకపోలేదు.

ఇంత చెప్పాక కూడా, అత్తయ్యలూ మామయ్యలూ సైకిలు కొనిపెట్టడం మాత్రం మంచిది కాదంటాను. బిడ్డను కూర్చోబెట్టి చూడకుండా సైజు తెలియదు. అపార్ట్‌మెంటు సెల్లారులో పార్కింగు కార్ల నడుమ తొక్కే చోటు ఉందో లేదో బయటివారికి తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా, సైకిలుతో పాటు సాయంత్రం వేళ వెనకాల పరిగెత్తే మనిషి కూడా కావాలి. ఆ మనిషిని ఇంకొకరి ఇంటి నుంచి మనం బహుమతిగా ఇవ్వలేము.

బంధువులు ఇవ్వదగినవాటిలో బ్లాకులకు మంచి చోటే ఉంది. డెన్మార్కుకు చెందిన లెగో సంస్థ 1958లో పేటెంటు తీసుకున్న ఇటుక కొలత ఇప్పటికీ మారలేదు కాబట్టి, ఈ ఏడాది కొన్న డబ్బాలోని ముక్కలు పై ఏడాది కొన్నవాటితో కలుస్తాయి. పాతబడని బహుమతి అంటే అదే. పైన ఎనిమిది బుడిపెలున్న ఒకే రంగు ఇటుకలు ఆరు ఉంటే చాలు, వాటిని 91 కోట్లకు పైగా రకాలుగా జోడించవచ్చని లెక్క తేలింది. అయితే ఎంపికలో జాగ్రత్త అవసరం. మూతమీద ఓడ బొమ్మో కోట బొమ్మో ఉండి, అది తప్ప మరొకటి కట్టడానికి పెద్దగా పనికిరాని సెట్లు ఉంటాయి. వాటిని తండ్రి ఒక ఆదివారం కూర్చుని పూర్తి చేస్తాడు, ఆ తరువాత అది షోకేసులో చేరి, బిడ్డ చేయి తగిలితే కేకలు వేయవలసిన వస్తువు అవుతుంది. రకరకాల ముక్కలు, నాలుగు చక్రాలు, రెండు కిటికీలు ఉన్న విడి డబ్బా దానికన్నా ఎంతో మేలు. ధర ఎక్కువన్న మాట నిజమే. తక్కువ ధర బ్లాకులు బజారులో చాలా దొరుకుతాయి, వాటిలో బాగున్నవీ ఉన్నాయి. కొనేముందు వీలైతే రెండు ముక్కలు బిగించి విడదీసి చూడాలి, ఎందుకంటే పట్టు వదులుగా ఉంటే కట్టిన గోడ కూలి బిడ్డకు విసుగు పుడుతుంది, మరీ బిగువుగా ఉంటే విడదీయడానికి పళ్లు వాడుతుంది.

బ్లాకుల కన్నా కూడా నేను ముందు నిలిపేది మన పాత ఆటలను. ఇది పాతవన్నీ గొప్పవన్న మమకారంతో చెబుతున్న మాట కాదు. ఆరేళ్ల వయసుకు, ఆ ఆటలకు పొంతన బాగా కుదురుతుంది. వంతు కోసం ఆగడం, గడులు లెక్కపెట్టడం, ఓడి మళ్లీ కూర్చోవడం అప్పుడప్పుడే వస్తున్న వయసు అది. వైకుంఠపాళిలో తెలివికి పని లేదు, అంతా పందెం పడటంలోనే ఉంది కాబట్టి మనవరాలు తాతయ్యను నిజంగానే ఓడించగలదు, తాతయ్య కావాలని ఓడిపోవలసిన అవసరం లేదు. ఆ వయసు పిల్లలు దొంగ ఓటమిని ఇట్టే పసిగడతారు. అష్టాచెమ్మాలో ఇంకో మెట్టు ఉంది: నాలుగు గవ్వలు వేసి, వెల్లకిలా పడినవి ఎన్నో లెక్కపెట్టి, నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ అని, నాలుగూ బోర్లా పడితే అష్ట అని కేక పెట్టి, ఆ పైన ఏ కాయను జరపాలో ఆలోచించాలి.

వామనగుంటలు వీటన్నిటిలోకీ నాకు నచ్చినది. వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలున్న చెక్కపీట, గుప్పెడు చింతపిక్కలు, అంతే సరంజామా. ఒక గుంటలోని పిక్కలు తీసి తరువాతి గుంటల్లో ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక తరువాతి గుంటలోవి తీసుకుని సాగాలి. ఖాళీ గుంట ఎదురైతే దాని పక్క గుంటలోవి మనవి. గుంటకు ఎన్ని పిక్కలతో మొదలుపెట్టాలన్నది ఊరికో రకంగా ఉంటుంది. మొదట్లో ఏ గుంట ముందు కనిపిస్తే దానితో ఆడే బిడ్డ, కొన్ని ఆటలు గడిచేసరికి, తీసే ముందే పెదవులు కదుపుతూ లెక్కపెట్టడం కనిపిస్తుంది. కూడికల పుస్తకం కొనిస్తే ఆ పని బతిమాలి చేయించాలి. అదే ఉత్సాహంతో పులిజూదం కొనవద్దు. మూడు పులులు, పదిహేను మేకల ఆ ఆటలో నాలుగు ఎత్తులు ముందుకు చూడాలి, దానికి ఇంకా మూడు నాలుగేళ్లు ఆగవచ్చు.

ఈ పీటలు లేపాక్షి, గోల్కొండ అన్న పేర్లతో ఉండే హస్తకళల దుకాణాల్లో దొరుకుతాయి. అదే దుకాణంలో అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్క పిడతలు, బొంగరాలు కూడా కనిపిస్తాయి. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ లక్క రంగు పట్టించి చేసే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి మీద ఐఎస్ఐ గుర్తు లేదని సందేహించనవసరం లేదు; నమోదైన హస్తకళాకారులు చేసే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆరేళ్ల బిడ్డ, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా, లక్క పిడతలతో గంటల తరబడి వంట చేస్తారు. కొండపల్లి బొమ్మల సంగతి వేరు. తెల్ల పొణికి కర్ర చాలా తేలికైనది, కింద పడితే అంబారీ ఏనుగు తొండం విరుగుతుంది. అవి కొలువులో పెట్టడానికి అందమైనవే గానీ చేతిలో పెట్టి ఆడుకోమనడానికి కావు.

పీటలకు ఉన్న లోటు కూడా దాచకూడదు. ఇవి ఒంటరిగా ఆడేవి కావు. అమ్మానాన్నలిద్దరూ రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే ఇంట్లో, తోడబుట్టినవారు లేని బిడ్డకు పీట ఇస్తే అది గోడకు ఆనుకునే ఉంటుంది. అక్కడ బ్లాకులే మేలు. చింతపిక్కలు చంటివాళ్ల ముక్కులోకి పోయేంత చిన్నవి కాబట్టి, వాటిని మూత ఉన్న డబ్బాలో వేసి ఇవ్వడం మంచిది.

పుస్తకాలను నేను వేరే పోటీదారుగా కాక, దేనితోనైనా జత చేయదగినవిగా చూస్తాను. మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, తులిక, నేషనల్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థలు తెలుగులో వేసిన బొమ్మల పుస్తకాలు ఒక మోస్తరు బ్యాటరీ కారు ధరకు పదో పన్నెండో వస్తాయి. ఇంగ్లీషు మీడియంలో చదివే ఆరేళ్ల బిడ్డకు తెలుగు గుణింతాలు వచ్చినా ఒత్తులు ఇంకా తడబడతాయి కనుక, పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు ఉన్నవి తనంతట తాను చదవడానికి రెండు మూడు, కాస్త పెద్ద కథలున్నవి పెద్దలు చదివి వినిపించడానికి రెండు మూడు తీసుకోవాలి. అన్నీ చదువుకోవడానికే కొంటే అది బహుమతిలా కాక హోంవర్కులా తోస్తుంది. విదేశంలో ఉన్న మనవలకు పంపేవారికి ఒక సలహా: ఒకే పుస్తకం రెండు ప్రతులు కొని, ఒకటి అక్కడికి పంపి, ఒకటి దగ్గర ఉంచుకుంటే, వీడియో కాల్‌లో అమ్మమ్మ చదువుతున్న పేజీనే అక్కడ బిడ్డ తిప్పుకోగలదు. ఎలా ఉన్నావు, ఏం తిన్నావు అన్న రెండు ప్రశ్నలతో ఆగిపోయే మాటలు ఆ తరువాత సాగుతాయి.

కాబట్టి వెయ్యి రూపాయల లోపు బహుమతి పట్టుకువెళ్లే బంధువులకు నా సూచన వామనగుంటల పీట, రెండు కథల పుస్తకాలు. ఆడే తోడు లేని ఇంటికైతే విడి బ్లాకుల డబ్బా. కన్నవారికైతే, చోటూ తీరికా ఉన్నప్పుడు సైకిలు, అదీ బిడ్డను దుకాణానికి తీసుకువెళ్లి. ముందుగా చెప్పకుండా ఇవ్వాలన్న సరదా కోసం సరైన సైజును వదులుకోవడం లాభసాటి బేరం కాదు. పీట ఇచ్చేవారు మాత్రం దానిని మిగతా పొట్లాలతో కలిపి మూలన పెట్టి రాకుండా, వీలైతే కేకు కోయకముందే వెళ్లి, నియమాలు చెప్పి ఒక ఆట ఆడి రావాలి. ఆ ఇంట్లో అమ్మానాన్నలకు కూడా ఈ ఆట తెలిసి ఉండకపోవచ్చు, నియమాలు రాసిన కాగితం పీటతో పాటు రాదు.