విండోస్ సర్వర్‌లో నిక్ టీమింగ్: ఏడాది వాడిన తర్వాత

మా ఆఫీసు ఫైల్ సర్వర్‌లోని రెండు గిగాబిట్ నెట్‌వర్క్ కార్డులను, విండోస్ సర్వర్ 2012 నుంచి ఆ సిస్టమ్‌లోనే లభిస్తున్న నిక్ టీమింగ్‌తో (కొన్ని నెట్‌వర్క్ కార్డులను, అంటే నిక్‌లను, ఒకే కార్డులా పనిచేయించే సదుపాయం) కలిపి ఏడాదిగా వాడుతున్నాం. వేర్వేరు కంపెనీల కార్డులైనా ఒకే టీములో ఇమడడం, నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పరికరం) సెట్టింగులు ముట్టుకోనక్కరలేని ‘స్విచ్ ఇండిపెండెంట్’ పద్ధతి ఉండడం నాకు ఎంతో నచ్చాయి. ఫైలు కాపీ అవుతుండగా కావాలనే ఒక కేబుల్ ఊడదీశాను. ఆ పోర్టు పక్కన పచ్చదీపం ఆరిపోయింది, కాపీ మాత్రం క్షణం తడబడి మళ్లీ సాగింది. అయితే ఒక్క కనెక్షన్ వేగం రెట్టింపవుతుందని ఆశించకూడదు. పైగా ‘స్విచ్ ఇండిపెండెంట్’ పద్ధతిలో సర్వర్ నుంచి వెళ్లే ట్రాఫిక్ రెండు కార్డులకూ పంపకమైనా, మా సర్వర్‌కు వచ్చేది ఒకే కార్డు మీద పడుతుంది. రెండు వైపులా పంచాలంటే పోర్టులను ఒకే లింకుగా కలపగల స్విచ్ కావాలి; ఆ కలపడం ఎల్‌ఏసీపీ (స్విచ్, సర్వర్ మాట్లాడుకుని పోర్టులను కలిపే ప్రమాణం) ద్వారా కావచ్చు, స్టాటిక్ పద్ధతిలో చేత్తో సెట్ చేసినా కావచ్చు.