పాత సీపీయూలో ఎస్ఎస్‌డీ వేయిస్తున్నారా? ఇది చదివి వెళ్లండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, రాసింది ముందూ వెనకా అయితే ఏమీ అనుకోకండి. షాపు పేరు రాయను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో "రెండు గంటలాగి రా అన్నా" అనే బాపతు షాపులు మీకు తెలిసే ఉంటాయి. వాటిలో ఒకటి.

మాది 2012లో కొన్న డెస్క్‌టాప్. ఐ3 రెండో తరం ప్రాసెసర్, డీడీఆర్3 ర్యామ్ 4 జీబీవి రెండు, కలిపి 8 జీబీ. అక్క ఎంసెట్ ఆప్షన్లు పెట్టుకున్నది దాని మీదే. ఇప్పుడది నాన్నది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, కాలనీలో అందరి పెళ్లి కార్డులు, గుడి కరపత్రాలు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు, ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలట. నాన్న పనికి నెట్ అక్కర్లేదు కాబట్టి కేబుల్ పీకేసి అలాగే వాడుతున్నాం. ఒక్కటే బాధ, ఆన్ చేసి టీ తాగి గ్లాసు కడిగి పెట్టినా స్క్రీన్ మీద ఆ చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ, అంటే దానికన్నా చాలా వేగంగా నడిచే డిస్క్, వేస్తే పోయేదానికి.

ఇక నా తెలివి చూడండి. తొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు కేబుళ్లు, నాలుగు స్క్రూల పని. బద్ధకించి సీపీయూ మోసుకెళ్లి వాడి చేతిలో పెట్టాను. 256 జీబీ ఎస్ఎస్‌డీ, ఫిట్టింగ్ కలిపి 2,700. బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ ఎక్స్‌ట్రా అన్నాడు. వద్దులే అన్నాను. ఏదో మిగిలిందని సంబరం కూడా! నాన్నా నేనూ చాయ్ తాగడానికి వెళ్లాం.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే అర నిమిషంలో లేచింది. మురిసిపోయాం. రెండు ఫైళ్లు తెరవగానే ఈడుస్తోంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే మెమరీ 8 బదులు 6 జీబీ. సైడు డోరు విప్పాను. లోపలంతా పదేళ్ల దుమ్ము, ఒక్క ర్యామ్ మాత్రం స్నానం చేసి వచ్చినట్టు తళతళా మెరుస్తోంది. 2 జీబీది! అప్పుడొచ్చింది అనుమానం. డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే ఆ "కొత్త" ఎస్ఎస్‌డీ అప్పటికే 21,640 గంటలు నడిచింది. రాత్రీ పగలూ ఆపకుండా నడిపినా రెండున్నరేళ్లు.

మర్నాడు మళ్లీ వెళ్లాం. ఫోన్‌లో ఫొటో చూపించాను. వాడు తల ఎత్తలేదు, ఎవరిదో ల్యాప్‌టాప్ కీబోర్డు బ్రష్షుతో తుడుస్తూనే, "ఆ సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తది" అన్నాడు. మరి ర్యామ్ సంగతేంటంటే, "నువ్వు తెచ్చిందే అంత. బిల్లుందా?" అన్నాడు. లేదని వాడికీ తెలుసు. నేను గొంతు పెంచేసరికి నాన్న వైపు గడ్డం చూపించి, "పెద్దాయన పేకాట ఆడుకోవడానికే కదన్నా, ఈ డబ్బాకి ఇదే ఎక్కువ" అన్నాడు. పక్కన ఇద్దరు కుర్రాళ్లు నవ్వారు. నాన్న ఏమీ అనలేదు. కౌంటర్ మీద పెట్టిన కళ్లజోడు తీసుకుని జేబులో పెట్టుకుని, "పద రా" అన్నారు. 2,700 పోతే పోయింది, ఆ మాట మాత్రం రాత్రంతా చెవిలో గింగిర్లు తిరిగింది.

చెప్పాల్సింది ఇంతే. మెషీన్ ఇచ్చే ముందు సైడు డోరు తీసి ర్యామ్ స్టిక్కర్లు, సీరియల్ నంబర్లు కనబడేలా ఫొటో తీసుకోండి. విప్పుతున్నంతసేపూ పక్కనే నిలబడండి, చాయ్ తర్వాత తాగొచ్చు. ఎస్ఎస్‌డీ సీలు మీ ముందే తీయించి, పవర్ ఆన్ అవర్స్, అంటే అప్పటికి ఎన్ని గంటలు నడిచిందో, అక్కడే చూడండి. జీఎస్టీ పోయినా సరే, బిల్లు.

నా 4 జీబీ ర్యామ్ ఈపాటికి ఎవరి సీపీయూలో "కొత్తది"గా ఎక్కిందో.