కాస్ట్ ఐరన్ పెనం: బరువే, అయినా ఇదే కావాలి

ఇది కొనమని పోరింది నా స్నేహితురాలు. "ఇంత బరువు ఎవరెత్తుతారే?" అంది అమ్మ. ఇద్దరి మాటా నిజమే. పది అంగుళాల పెనం రెండు కిలోల పైనే తూగుతుంది.

ఇనుము నిదానంగా వేడెక్కుతుంది. అందుకే ఖాళీ పెనాన్ని చిన్న మంట మీద కొన్ని నిమిషాలు ఉంచాలి. తొందరపడి మంట పెంచితే మధ్యలో మాడుతుంది, అంచులు చల్లగానే ఉంటాయి. ఒక్కసారి వేడి పట్టిందా, చల్లటి కూరగాయలు వేసినా అంత తేలిగ్గా దిగదు. వేపుడికి ఇంతకంటే ఏం కావాలి!

పెనానికి నూనె పూత పట్టించడం (సీజనింగ్) అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. నూనె తుడిచేసినంత పలచగా రాసి, ఓవెన్‌లో 200 డిగ్రీలు దాటించి కాలిస్తే నూనె గట్టి పొరగా మారుతుంది. ఎక్కువ రాస్తే జిగటే మిగులుతుంది. టమాటా లాంటి పుల్లటివి ఎక్కువసేపు ఉడికిస్తే ఆ పొర పోతుంది, కూరకు ఇనుప రుచి వస్తుంది. సబ్బు వాడొచ్చా అని స్నేహితురాలితో ఇప్పటికీ వాదనే. కొంచెం వాడితే ఏమీ కాదు, వెంటనే ఆరబెట్టకపోతేనే తుప్పు.

కారులో ఊళ్లు తిరిగేటప్పుడు దీన్నీ వేసుకుంటాను (ఇంట్లోవాళ్లు నవ్వుతారు, తినేటప్పుడు కాదు). గ్యాస్, ఇండక్షన్, కట్టెల మంట, దేనిమీదైనా పనిచేస్తుంది. కొత్తచోట ఎవరి వంటైనా నచ్చితే, ఆ సాయంత్రమే ఇందులో చేసి చూస్తాను.

మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు ఎనిమిది అంగుళాలది తీసుకోండి. గాజు స్టవ్ మీద మాత్రం ఈడ్చకండి, గీతలు పడతాయి.