డాబా మీద సోలార్ పెట్టించుకునేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి

మాది విజయవాడ సింగ్‌నగర్. డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించి పది నెలలవుతోంది. రావలసిన 78,000 రూపాయల సబ్సిడీ రాలేదు. సోలార్ వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ప్యానెళ్లు పనిచేస్తున్నాయి, బిల్లు కూడా తగ్గింది. మేము మోసపోయింది కొటేషన్ కాగితం దగ్గర. అలాంటి కాగితం రేపు మీ చేతికీ రావచ్చు కాబట్టి ఎక్కడెక్కడ దెబ్బతిన్నామో వివరంగా చెబుతాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధంతా నీళ్లే. రోజుల తరబడి కరెంటు లేదు. మా అత్తగారికి ఆయాసం. నెబ్యులైజర్ పెట్టడానికి కరెంటు లేక, చీకట్లో ఆవిడ పక్కన కూర్చుని గడిపిన రాత్రులు నేను మర్చిపోలేను. మన ఇంటికంటూ కాస్త కరెంటు ఉండాలన్న పట్టుదల అప్పుడే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఒక కంపెనీ అబ్బాయి వచ్చి, "అక్కా, ఇక ఊరంతా కరెంటు పోయినా మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది" అన్నాడు. మాకు కావలసిన మాట అదే. మా వారు ఆ సాయంత్రమే పదివేలు అడ్వాన్స్ ఇచ్చేశారు.

ఆ మాట నిజం కాదు. మాకు పెట్టింది బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్, అంటే వీధిలోని కరెంటు లైన్‌కు (గ్రిడ్‌కు) కలిపి నడిచేది. లైన్‌లో కరెంటు పోతే, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే దాని ఇన్వర్టరు కూడా వెంటనే ఆగిపోతుంది. మన ప్యానెళ్ల కరెంటు లైన్‌లోకి వెళ్లి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీయకూడదు కదా, అందుకే అలా తయారుచేస్తారు. కరెంటు లేనప్పుడు కూడా వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. వాటి ఖర్చు వేరు. ఈ సంగతి మాకు మే నెల మిట్టమధ్యాహ్నం తెలిసింది. నెత్తిన ఆరు ప్యానెళ్లు పెట్టుకుని, కింద అత్తగారికి విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను.

ఇక మిగులు లెక్క. కొటేషన్‌లో "నెలకు 4,387 రూపాయలు ఆదా" అని పెద్ద అక్షరాలతో ఉంది. కిలోవాట్‌కు రోజుకు ఐదు యూనిట్లు, మూడు కిలోవాట్లకు నెలకు 450 యూనిట్లు, యూనిట్ 9 రూపాయల 75 పైసలు. గుణిస్తే సరిగ్గా అంతే వస్తుంది, కానీ అందులో రెండు తప్పులున్నాయి.

ఎంత ఎండ ఉన్న ఊరైనా ఏడాది మొత్తం మీద సగటు తీస్తే కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు అనుకోవడమే క్షేమం. వానాకాలం మబ్బులు ఉంటాయి, దుమ్ము ఉంటుంది, పావురాల రెట్టలు ఉంటాయి. ఎండ ముదిరితే ఉత్పత్తి అంతకంతకూ పెరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు, లోపల కరెంటు పుట్టించే సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మన వేసవిలో డాబా మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికే పదో వంతుకు పైగా పోతుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. 9.75 అనేది ఆంధ్రప్రదేశ్‌లో 400 యూనిట్లు దాటాక, దాటిన యూనిట్లకు మాత్రమే పడే రేటు. మా వాడకం సగటున నెలకు 320 యూనిట్లు. మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, ఆ పైన 400 వరకు 8.75. ఇలా కూడితే 320 యూనిట్లకు 1,848 రూపాయలు. మేము కడుతున్నదే అంత అయితే 4,387 ఎక్కడి నుంచి మిగులుతుంది? ఈ ప్రశ్న ఆ రోజు మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. మీ పాత బిల్లులు పన్నెండు తీసుకుని, స్లాబు ప్రకారం ఎంత కట్టారో కూడండి. మీకు మిగిలేది అంతకు మించదు. ఫిక్స్‌డ్ ఛార్జీల వంటివి సోలార్ పెట్టాక కూడా ఉంటాయి. మన మొత్తం వాడకం లెక్క పోను ఇంకా మిగిలిన యూనిట్లకు మనం కొనే రేటు ఇవ్వరు, చాలా తక్కువ ఇస్తారు. అందుకని అవసరానికి మించి పెద్ద సిస్టమ్ అంటగడుతుంటే ఒప్పుకోకండి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి జీరో బిల్లు పొందుతున్నవాళ్లయితే, బిల్లు ఆదా కోసం సోలార్ పెట్టుకోవడంలో అర్థమే లేదు.

మాకు అన్నిటికంటే పెద్ద దెబ్బ సబ్సిడీ దగ్గర తగిలింది. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్ర ప్రభుత్వం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 ఇస్తారు. మొత్తం 78,000. మా కొటేషన్ 1,95,000 అయితే, కింద "సబ్సిడీ పోను 1,17,000" అని రాశారు. మేము ఆ అడుగు అంకెనే చూసి సంతోషపడ్డాం. కట్టింది మాత్రం పూర్తిగా 1,95,000. సబ్సిడీ తర్వాత మన బ్యాంకు ఖాతాలో పడాలి. అది ఆగితే నష్టం మనదే, కంపెనీకి రావలసింది అప్పటికే వచ్చేసి ఉంటుంది.

సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు డీసీఆర్ రకానివై ఉండాలి. అంటే ప్యానెల్‌తో పాటు లోపలి సెల్స్ కూడా మన దేశంలోనే తయారై ఉండాలి. మా ప్యానెళ్ల వెనక "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంది. అది అబద్ధం కాదు, బిగించింది ఇక్కడే. సెల్స్ మాత్రం విదేశాలవి. అలాంటివి చవగ్గా దొరుకుతాయి. డీసీఆర్ ప్యానెళ్ల ధర తీసుకుని మాకు ఇవి బిగించి, పథకం పోర్టల్‌లో వేరే సీరియల్ నంబర్లు ఎక్కించారు. తనిఖీకి వచ్చినాయన డాబా ఎక్కి నంబర్లు చూస్తే ఒక్కటీ కలవలేదు. "వారంలో మార్చేస్తాం అక్కా" అన్న అబ్బాయి ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

దయచేసి ఈ ఒక్క పని తప్పకుండా చేయండి. ప్యానెళ్లు లారీ దిగగానే, డాబా మీదికి ఎక్కించకముందే, ప్రతి దాని సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి. ఆ నంబర్లు రాసి ఉన్న డీసీఆర్ సర్టిఫికెట్ అడగండి. అవి కలిసేదాకా పెద్ద మొత్తం ఇవ్వకండి. బిల్లు మీద ప్యానెల్ కంపెనీ, మోడల్, ఇన్వర్టరు మోడల్ రాయించుకోండి. మా బిల్లు మీద "సోలార్ సిస్టమ్ 3 కిలోవాట్లు, 1 సెట్" అని మాత్రమే ఉంది. దానితో ఎక్కడికి వెళ్లినా ఏమీ నిరూపించలేకపోతున్నాం. జీఎస్టీ కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీ కొటేషన్‌లో పాత రేటే వేసి ఉంటే ఒప్పుకోవద్దు.

నీడ గురించి కూడా ఒక మాట. కొలతలకు వచ్చింది ఏప్రిల్ నెలాఖరున. అప్పుడు సూర్యుడు దాదాపు నెత్తిమీదే ఉంటాడు, నీడలు పొట్టిగా ఉంటాయి. డిసెంబరులో దక్షిణానికి వాలేసరికి పక్కింటి మెట్లగది, వాటర్ ట్యాంకు నీడ మా ప్యానెళ్లు రెండింటి మీద పడింది. వరసగా కలిపిన ప్యానెళ్లు కాబట్టి ఆ రెండింటితో పాటు మిగతావి కూడా దెబ్బతింటాయి. మీ డాబాకు దక్షిణాన ఏముందో చూసుకోండి.

ఇప్పుడు మాకు నెలకు సుమారు 1,600 మిగులుతోంది. సబ్సిడీ వచ్చి ఉంటే ఆరేళ్లలో పెట్టుబడి తిరిగి వచ్చేది, ఇప్పుడు పదేళ్లు దాటుతుంది. వాళ్లు చెప్పింది రెండేళ్ల చిల్లర. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాం. ఐదు లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు.

మొన్న మా వెనక వీధిలో ఒకరి గేటుకు కరపత్రం అంటించి ఉంది. కంపెనీ పేరు మారింది గానీ "నెలకు 4,387 ఆదా" అన్న లైను అదే, కింద ఉన్న ఫోన్ నంబరు కూడా అదే. ఆ ఇంటామె మర్నాడు అడ్వాన్స్ ఇద్దామనుకుంటోందట. మా ఫైలు తీసుకెళ్లి, ప్యానెల్ ఫోటోలు చూపించి, ఆవిడ చేత కరెంటు బిల్లులన్నీ బయటికి తీయించి లెక్క వేయించి వచ్చాను.