పాత 350జెడ్‌లో రోడ్డు మోత: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ దండగ

నిస్సాన్ 350జెడ్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు ఇంజిన్ సౌండ్ విని పడిపోతారు, నేనూ అంతే. కానీ మా డల్లాస్ చుట్టుపక్కల ఫ్రీవేలు చాలావరకు కాంక్రీటువి, వాటి మీద 70 మైళ్ల స్పీడులో వెళ్తుంటే ఆ వీ6 (ఆరు సిలిండర్ల ఇంజిన్) ఎక్కడో మూల మూలుగుతుంది, చెవిలో మోగేదంతా వెనక టైర్ల హోరే. బ్లూటూత్‌లో మాట్లాడితే అమ్మ "ఆ కిటికీ కాస్త ఎత్తరా, ఏమీ వినపడటం లేదు" అంటుంది, అవి ఎత్తే ఉంటాయి. నాది 2005 మోడల్. సౌండ్ డెడెనింగ్, అంటే మోత తగ్గించే సరుకు, పేరుతో అమ్మేవి ఒక్కొక్కటే వేసి చూశాను, ఏది పని చేసిందో, ఏది పేరుకే ఉందో రాస్తున్నా.

ముందు ఈ కారులో ఇంత మోత ఎందుకో చూడండి. మామూలు సెడాన్‌లో డిక్కీకి, మనకి మధ్య వెనక సీటు, దాని వెనక రేకు అడ్డం ఉంటాయి. ఇందులో రెండే సీట్లు, వాటి వెనక నుంచి హ్యాచ్ గ్లాసు దాకా అంతా ఒకటే గది, డిక్కీకి అడ్డంగా వేసిన ఆ లావు బార్ తప్ప ఏమీ లేదు. ప్లాస్టిక్ ట్రిమ్ ఊడదీస్తే వెనక చక్రం గూడు పల్చటి రేకు నేరుగా కనిపిస్తుంది. 245 మిల్లీమీటర్ల వెడల్పు టైరు అవతల తిరుగుతుంటుంది, మన తల ఇవతల ఒక చేతి దూరంలో ఉంటుంది. ఇక మోత రాక ఏమవుతుంది.

మొదట అందరూ కొనేది అల్యూమినియం ఫాయిల్ అంటించిన బ్యూటైల్ (ఒక రకం జిగురు రబ్బరు) షీట్లు. 36 చదరపు అడుగుల బాక్సు, 80 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందంది, మామూలు బ్రాండైతే వంద డాలర్ల లోపే వస్తుంది, పేరున్న డైనమ్యాట్ బ్రాండు కావాలంటే ధర రెట్టింపు పైనే. డైనమ్యాట్ ఎక్స్‌ట్రీమ్ మందం 67 మిల్లే, అంటే బాక్సు మీద నంబరు పెద్దదైతే సరుకు గొప్పదని కాదు. చూడాల్సింది అది నిజంగా బ్యూటైలా, తారు సరుకా అని. తారుదైతే టెక్సాస్ జులై ఎండకి కారు లోపలంతా వాసన కొడుతుంది, కరిగి జారుతుంది కూడా. నేను వాడిన బ్యూటైల్‌కి ఇప్పటిదాకా ఆ బాధ లేదు, అంచులు కూడా లేవలేదు. అంటించే ముందు రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, తర్వాత ఫాయిల్ మీద ఉన్న ఉబ్బెత్తు డిజైన్ చదునయ్యేదాకా రోలర్‌తో నొక్కాలి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, ఆ ఫాయిల్ అంచు బ్లేడే.

అయితే ఈ షీటు చేసేది ఒక్కటే పని, రేకు కంపనాన్ని ఆపడం. వేలి కణుపుతో కొట్టి చూడండి, ముందు "టంగ్" అని మోగిన రేకు తర్వాత "టప్" అంటుంది. దానికి రేకు మధ్యలో పాతిక శాతం కప్పితే చాలు, మూలమూలకీ పొరలు పొరలుగా అంటించాల్సిన పని లేదు. ఇక్కడ ఒక ఆడియో షాపులో అడిగితే ఫ్లోరు, డోర్లు, రూఫు మొత్తం రెండు పొరలు వేస్తామని కారుకి ఇంకో సెట్టు టైర్లు, అలైన్‌మెంట్ వచ్చేంత ఎస్టిమేట్ చేతిలో పెట్టారు, దణ్ణం పెట్టి వచ్చేశాను. షీట్లు వేశాక డోరు వేసినప్పుడు బరువైన కారు చప్పుడు వస్తుంది, హ్యాచ్‌లో గలగల పోయింది, అది బాగుంది. టైరు హోరు మాత్రం ఎక్కడిదక్కడే.

ఆ హోరుని ఆపేది బరువు. మాస్ లోడెడ్ వినైల్ అని నల్లటి రబ్బరు చాపలాంటిది దొరుకుతుంది, చదరపు అడుగుకి ఒక పౌండు తూగుతుంది. కింద క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీళ్లు పీల్చని మెత్తటి స్పాంజి) వేసి, పైన దీన్ని ఎక్కడా సందు లేకుండా పరవాలి, రేకుకి నేరుగా తగిలితే సగం లాభం పోతుంది. నేను డిక్కీ ఫ్లోరుకి, రెండు చక్రాల గూళ్లకి మాత్రమే వేశాను, సుమారు 20 చదరపు అడుగులు, అంటే తొమ్మిది కేజీలు, ఈ కారుకి అది బరువే కాదు. ఫ్లోరు సులువు. గూళ్లు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ముక్కలు కోసి, హీట్ గన్‌తో వంచి, అతుకులు టేపు వేసేసరికి ప్రాణం పోయింది, పైగా మళ్లీ ట్రిమ్ బిగిస్తే క్లిప్పులు కూర్చోవు, వాటి దగ్గర వినైల్ కోసేయాలి. విసుగు పనే కానీ హోరు తగ్గింది ఇక్కడే. ఫోన్ యాప్‌లో అదే రోడ్డు, అదే స్పీడు చూస్తే రెండు మూడు డెసిబెల్స్ తేడా. చెవికి మోత సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి, కాబట్టి ఈ పనితో కారు లెక్సస్ అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏమైనా అమ్మ కిటికీ సంగతి ఎత్తడం మానేసింది.

నిజానికి ఒక్క పనికే డబ్బులుంటే ఇవేవీ కాదు, టైర్లు చూసుకోండి. ట్రెడ్ మీద అరచేయి ఆనించి ఒక దిక్కుకి నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే రంపంలా గీసుకుంటే అది ఫెదరింగ్, మొదటి 350జెడ్‌లకి ముందు టైర్లలో పేరుమోసిన జబ్బు. అలైన్‌మెంట్ సరిచేయించి టైర్లు మార్చేదాకా ఎన్ని షీట్లు వేసినా ఆ గుర్రుమనే మోత పోదు. లేన్ మారినప్పుడు, మలుపులో మోత పెరిగి తగ్గుతుంటే మాత్రం వీల్ బేరింగ్‌ని అనుమానించండి. గట్టి సమ్మర్ టైర్లు తీసేసి కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్06 ప్లస్ వేయించాను, ముందు 225/45ఆర్18, వెనక 245/45ఆర్18. షీట్లు, వినైల్ రెండూ కలిపి తెచ్చినంత తేడా ఇదొక్కటే తెచ్చింది. ట్రెడ్ మీద డి, డబ్ల్యూ, ఎస్ అక్షరాలుంటాయి, పొడి, తడి, మంచు అన్నమాట, అరిగేకొద్దీ ఒక్కొక్కటి మాయమవుతాయి, టైరు పని అయిపోవచ్చిందో లేదో ఇంకెవర్నీ అడగక్కర్లేదు. గట్టిగా మలుపు తిప్పితే పాత టైర్లంత చురుకుదనం లేదు. ట్రాక్‌కి వెళ్లేవాళ్లు వద్దనుకుంటారు, ఆఫీసుకి వెళ్లే నాకు పర్లేదు.

కంపెనీది తీసేసి వేరే ఎగ్జాస్ట్ వేయించి 2,500 ఆర్‌పీఎం దగ్గర బొయ్యిమంటోందని షీట్లు కొనబోయేవాళ్లు ఆగండి. నాలుగు స్ట్రోకుల వీ6 ఆ ఆర్‌పీఎంలో 125 హెర్ట్జ్ శబ్దం చేస్తుంది, దాని తరంగం పొడవు దాదాపు రెండున్నర మీటర్ల పైనే, అరంగుళం ఫోమ్‌ని అది లెక్కే చేయదు. రెజొనేటర్ (ఎగ్జాస్ట్ గొట్టంలో ఆ శబ్దాన్ని తగ్గించే డబ్బా) పెట్టించడమో, పాత సైలెన్సర్ మళ్లీ బిగించడమో, అంతే దారి.

గాలి మోత వేరే సంగతి. ఈ డోరు గ్లాసుకి ఫ్రేము లేదు, రబ్బరు మీద ఆనుకుని ఉంటుంది అంతే. డాలర్ నోటు మధ్యలో పెట్టి గ్లాసు ఎక్కించి లాగండి, సులువుగా వచ్చేస్తే అక్కడ నుంచి గాలి వస్తున్నట్టే. రబ్బరుకి సిలికాన్ గ్రీజు రాస్తే కొంత సర్దుకుంటుంది, లేదంటే గ్లాసు అడ్జస్ట్ చేయించాలి. నాది ప్యాసింజర్ వైపు ఇంకా ఈల వేస్తోంది, సీలు ఆర్డర్ పెట్టాను.

ఐదుకి నా మార్కులు: టైర్లకి నాలుగున్నర, వినైల్‌కి నాలుగు, అందులో అర మార్కు ఆ గూళ్ల కోపంతో కోసేశా. బ్యూటైల్ షీట్లకి మూడు. ఒక బాక్సు కంటే ఎక్కువ కొనకండి.