కారు పైన క్యారియర్ కొనేవారు జాగ్రత్త: ఆ పట్టాలు బరువు మోసేవేనా?

గుడారం, వంట సామాను కారులో వేసుకుని రెండు మూడు రోజులు బయట గడపాలనుకునే తిరుపతి, చిత్తూరు ప్రాంతాలవారు కారు పైన బిగించే లగేజీ క్యారియర్ కొనేముందు ఇది చదవవలసిందిగా మనవి. గత నవంబరులో తిరుపతిలో కారు సామగ్రి అమ్మే ఒక దుకాణంలో క్యారియర్, దానిమీద వేసే సంచి కలిపి 8,500 రూపాయలకు కొన్నాను. మరునాడే భాకరాపేట ఘాట్‌లో కారు పక్కకు ఆపి, వానలో తడుస్తూ దాన్ని విప్పవలసి వచ్చింది.

హార్స్‌లీ హిల్స్ దిగువన బంధువుల మామిడితోటలో రెండు రాత్రులు గడపాలన్నది మా ఆలోచన. మేము ఐదుగురం, కారు చిన్నది, డిక్కీ ఇంకా చిన్నది. మా కారు పైన రెండు వైపులా నల్లటి పట్టాలు (రూఫ్ రెయిల్స్) ఉన్నాయి. దుకాణంలోని కుర్రవాడు వాటికే క్యారియర్ బిగించి, డబ్బా మీద ‘100 కిలోలు’ అని ఉన్న స్టిక్కర్‌ను వేలితో చూపించాడు. ఈ పట్టాలు అంత బరువు ఆపుతాయా అని అడిగితే, యజమాని కూర్చున్నచోటు నుంచే "ఏం గాదు సార్, ధైర్యంగా పోయి రాండి" అన్నారు. సామాను నెత్తిన కట్టుకుని అలిపిరి వైపు వెళ్లే వాహనాలను రోజూ చూసే ఊరు కాబట్టి నాకూ అనుమానం కలగలేదు.

చంద్రగిరి దాటేవరకు ఇబ్బంది లేదు. ఘాట్ ఎక్కడం మొదలుపెట్టి రెండు మూడు మలుపులు తిరిగేసరికి, పైన ఎవరో గోళ్లతో గీకుతున్నట్టు చప్పుడు మొదలైంది. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్నవారి బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే కనుక, మా బావమరిది ఆ చప్పుడు వినగానే కారు ఆపించాడు. దిగి చూస్తే ఎడమవైపు పట్టా ముందుకొన నాలుగు వేళ్ల ఎత్తు లేచి ఉంది. దాని కింద బోల్టు అన్నదే లేదు. విరిగిన రెండు ప్లాస్టిక్ క్లిప్పులు, ఒక అంటుకునే టేపు, ఆ టేపుతోపాటు ఊడివచ్చిన మా కారు రంగు పెచ్చు మాత్రమే కనిపించాయి. అప్పటికి వెనకాల ఏ ద్విచక్ర వాహనమూ లేకపోవడం మా అదృష్టం.

కార్ల పైన కనిపించే పట్టాలు రెండు రకాలని నాకు ఆ తరువాతే తెలిసింది. మొదటి రకాన్ని పైకప్పు లోపలి ఇనుప చట్రానికి బోల్టులతో బిగిస్తారు కాబట్టి అవి బరువు మోస్తాయి. రెండో రకం కేవలం అందానికి అతికించినవి. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. మా కారు మాన్యువల్‌లో పట్టాలు అలంకారానికేననీ, వాటిపై బరువు పెట్టరాదనీ ఒక వాక్యం స్పష్టంగా ఉంది. మూడేళ్లుగా గ్లవ్ బాక్సులో పడి ఉన్న ఆ పుస్తకాన్ని నేను తెరవకపోవడం నా తప్పే, కాని రోజూ క్యారియర్లు బిగించే దుకాణానికి ఈ తేడా తెలియదంటే నేను నమ్మను.

బరువు మోసే పట్టాలున్నవారు కూడా స్టిక్కర్ మీది అంకెను నమ్మకూడదు. అది క్యారియర్ తట్టుకునే బరువే తప్ప మీ కారు పైకప్పు తట్టుకునేది కాదు. పైకప్పు పరిమితి మాన్యువల్‌లో ఉంటుంది. చిన్న కార్లకు అది సాధారణంగా 50, 75 కిలోల చుట్టుపక్కలే ఉంటుంది, క్యారియర్ బరువు కూడా అందులోకే వస్తుంది. తిరిగివచ్చాక మేము పైన కట్టినవన్నీ కాటా మీద తూచితే క్యారియర్‌తో కలిపి 76 కిలోలు తేలింది. అంత బరువు నెత్తిన ఉంటే మలుపుల్లో కారు మామూలుకన్నా ఎక్కువగా ఒరుగుతుంది.

వాన నీరు చుక్క కూడా దిగదని చెప్పిన సంచిలో పరుపులు పిండితే నీళ్లు కారేలా తడిశాయి. గుడ్డ మంచిదే కాని, కుట్టు రంధ్రాల నుంచీ, ముందువైపుకు వచ్చేలా కట్టిన జిప్పు నుంచీ గాలి విసురుకు నీరు లోపలికి పోయింది. కొన్నవారు ప్రయాణానికి ముందే ఇంటి దగ్గర గొట్టంతో నీళ్లు కొట్టి చూసుకోండి, జిప్పును వెనకవైపుకు తిప్పి కట్టండి.

ఘాట్‌లో సామానంతా కిందికి దించి మళ్లీ సర్దాము. 20 లీటర్ల నీళ్ల క్యాను, పాత్రల మూట డిక్కీ అడుగున సీటుకు ఆనించి, వాటిపైన గుడారాలు, సీట్ల కింద చెప్పులు, కాళ్ల దగ్గర దుప్పట్లు పెట్టాము. క్యారియర్‌ను, మూడు మడత కుర్చీలను మాత్రం భాకరాపేటలో తెలిసినవారి ఇంట్లో వదిలి, తరువాత తెచ్చుకున్నాము. ఇరుకైన మాట నిజమే కాని, మిగిలినవన్నీ పట్టాయి. పీలేరు దాటాక టైరు పంక్చరై, అడుగునున్న స్టెప్నీ కోసం మళ్లీ అన్నీ రోడ్డు మీద పరచవలసి వచ్చిందనుకోండి, అది వేరే కథ.

తిరిగివచ్చి దుకాణానికి వెళితే, వాడిన సరుకు వాపసు తీసుకోబోమని చీటీ వెనక ఉన్న ముద్ర చూపించారు. మాకిచ్చింది బిల్లు కాదు, ‘ఎస్టిమేట్’ అని రాసిన తెల్లకాగితం. బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వాపసు తీసుకోకపోవడమూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి, యూపీఐ చెల్లింపు వివరాలు, లేచిన పట్టా ఫొటోలు జతచేసి ఫిర్యాదు నమోదు చేశాను. దుకాణం నుంచి ఇంకా జవాబు రాలేదు. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, అందుకు రెండేళ్ల గడువు ఉంది. అంతవరకు సాక్ష్యంగా ఆ క్యారియర్‌ను మా మిద్దె మీదే ఉంచాను.