కాఫీనా, షెన్సియానా? ఎవరితో మొదలెట్టాలి?

రెగే (జమైకా మ్యూజిక్) ప్లేలిస్ట్ స్టేటస్‌లో పెట్టినప్పట్నుంచి ఒకటే ప్రశ్న, బాబ్ మార్లీని వినేశాం, ఇప్పటోళ్లలో ఎవర్ని వినాలి, కాఫీనా షెన్సియానా అని. (ఉత్తి కాఫీ అని వెతక్కండి, ఫిల్టర్ కాఫీ ఎలా పెట్టాలో చెప్పే వీడియోలొస్తాయి, పక్కన రెగే అని కొట్టండి.)

ఇద్దరూ జమైకా వాళ్లే. కాఫీ స్పానిష్ టౌన్ పిల్ల, 2000లో పుట్టింది, ఉసేన్ బోల్ట్ మీద పాట కడితే బోల్టే షేర్ చేశాడు, 2019లో ఐదంటే ఐదు పాటల 'రాప్చర్' తెచ్చి 2020లో బెస్ట్ రెగే ఆల్బమ్ గ్రామీ కొట్టేసింది. షెన్సియా 2016లో డాన్స్‌హాల్ (జమైకా పార్టీ మ్యూజిక్) స్టార్ వైబ్జ్ కార్టెల్‌తో పాడిన 'లూడీ'తో పైకొచ్చి 2021లో అమెరికా రాపర్ కాన్యే వెస్ట్ ఆల్బమ్ 'డోండా' దాకా వెళ్లింది. ఇద్దరి మొదటి ఫుల్ ఆల్బమ్‌లూ, 'గిఫ్టెడ్', 'ఆల్ఫా', 2022 మార్చిలోనే వచ్చాయి, అందుకే ఈ పోలిక.

గ్రామీలు పక్కన పెట్టండి, నాకు తేల్చేది ఒక్కటే, కింద మ్యూజిక్ మారినా ఎవరు పాడుతున్నారో తెలియాలి. జమైకాలో రిడిమ్ అని ఒకే ట్రాక్ మీద పదిమంది పాడతారు కదా, ట్రాక్ అందరిదీ అయినప్పుడు నీదంటూ మిగిలేది గొంతూ, మాటని బీట్ మీద ఎక్కడ వేశావన్నదీ, అంతే.

కాఫీ 'పుల్ అప్' వినండి, లండన్ ప్రొడ్యూసర్ జే5 చేసిన ఆఫ్రోబీట్స్ (పశ్చిమ ఆఫ్రికా పాప్) వాసనున్న ట్రాక్. వెంటనే 'ఎక్స్10' పెట్టండి, అందులో మార్లీ 'రిడెంప్షన్ సాంగ్' వినిపిస్తుంది. రెండింటికీ పొంతన లేదు, అయినా అదే పిల్ల, గబగబా మాట్లాడినట్టు నాలుగు మాటలు విసిరేసి చివరి మాటని రాగంలోకి లాగేస్తుంది, కష్టపడుతున్నట్టే ఉండదు. ఇలా మాటా పాటా కలిపేయడాన్నే జమైకాలో సింగ్‌జే అంటారు.

షెన్సియాకి అన్నీ వచ్చు, పాడుతుంది, రాప్ చేస్తుంది, గొంతు బలం చూస్తే కాఫీ కంటే ఈమెదే పైచేయి. కానీ అమెరికా రాపర్ మేగన్ దీ స్టాలియన్‌తో చేసిన 'లిక్'లో అమెరికా పాప్ మనిషి, జమైకా డాన్స్‌హాల్ సీనియర్ బీనీ మ్యాన్‌తో చేసిన 'హెంకెల్ గ్లూ'లో మాత్రం అచ్చమైన డాన్స్‌హాల్ మనిషి. రెండోదే అసలు షెన్సియా అని నా ఫీలింగు, ఆల్బమ్ మొత్తం అలా ఉంటే ఈ పోస్టే వేరేగా ఉండేది. పార్టీకైతే ఆలోచించక్కర్లేదు, షెన్సియానే.

ఇంకో జమైకా సింగర్ లీలా ఐకే గురించీ అడిగారు, నిదానంగా సాగే రూట్స్ (పాతకాలపు తరహా రెగే) కావాలంటే వినండి, బాగుంటుంది.

మా తమ్ముడికి ఫోన్ స్క్రీన్ మూసేసి ఇద్దరివీ కలిపి ఆరు పాటలు వినిపించా. కాఫీవి మూడూ మొదటి లైన్‌కే పట్టేశాడు, షెన్సియావి మూడింటికీ ముగ్గురు వేరే వేరే మనుషులనుకున్నాడు. ఇంతా చేసి ఇప్పుడు వాడి రింగ్‌టోన్ 'హెంకెల్ గ్లూ'.